జాజులబంద మలుపులో ఖాళీ బిందె

దగ్గరికి రా. ఆ కుర్చీ వద్దులే, చాప మీదే కూర్చో. ఇంకొంచెం ఇటు జరుగు. ఇది అరిచి చెప్పే కథ కాదు, ఆనుకుని కూర్చుని వినాల్సిన కథ. నూకరత్నం కథ. జాజులబంద ఘాటీలో బళ్ళు ఒకదాంతో ఒకటి మాట్లాడుకున్న రోజుల నాటిది. నవ్వుతావేం? నిజంగానే మాట్లాడుకునేవి. మనం రెప్ప వేసి తీసేలోపు బోలెడు ఊసులు చెప్పేసుకునేవి. ఆ ఊసుల మధ్యలోంచి ఒక మనిషి ప్రాణం ఎలా జారిపోయిందో, ఆ తప్పు ఎవరిదని ఎవరు ఎవరిని అనుమానించారో, అదీ కథ.

ముందు ఆ దారి తెలియాలి నీకు. కింద గుమ్మడిపాలెం, పైన కొండ మీద సంత, మధ్యలో ఘాటీ. ఒకవైపు కొండ గోడ, ఇంకోవైపు లోయ. మంచు పట్టిందంటే జీపు ముందుభాగం కూడా డ్రైవరుకి కనపడదు. అయినా సంత రోజున జీపులు ఎక్కుతూ దిగుతూ ఉండాల్సిందే. పసుపు బస్తాలు, చింతపండు బుట్టలు, కోళ్ళు, మేకలు, మనుషులు, అన్నీ ఒకే జీపులో. మలుపు రాగానే దిగే బండి పొడుగ్గా ఒక హారన్ కొట్టేది. ఎక్కే బండి రెండు పొట్టి హారన్లతో బదులు చెప్పేది. బదులు వినపడితే దిగేవాడు ఆగిపోవాలి, దారి ఎక్కేవాడిది. ఎవరు పెట్టిన నియమమో తెలియదు, ఏ కాగితం మీదా లేదు. అయినా ఒక్కడు తప్పేవాడు కాదు.

నూకరత్నం గుమ్మడిపాలెం కోడలు. పుట్టింది జూటుమిల్లు కాలనీలో. కష్టపడి ఇంజనీరింగు చదివి, మేనబావ దేముడిని చేసుకుంది. దేముడూ, అతని తమ్ముడు వరహాలూ ఘాటీలో జీపులు నడిపేవారు. వాళ్ళ తల్లి పైడమ్మ నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. పొరుగింట్లో పొయ్యి వెలగలేదని తెలిస్తే తన అన్నం గిన్నె పట్టుకెళ్ళి పెట్టేసే రకం.

రత్నం పనిచేసే ప్రయోగశాల ఊరి చివర పాత బెల్లం గిడ్డంగిలో ఉండేది. సోమయాజులుగారనే పెద్దాయన పట్నంలో మంచి ఉద్యోగం వదిలేసి వచ్చి పెట్టాడు దాన్ని. ముసురు పట్టిందంటే గోడల్లో ఎప్పుడో ఇంకిన బెల్లం వాసన మళ్ళీ లేచేది. చీమలు వరస కట్టి యంత్రాల్లోకి దూరేవి. రత్నంతో పాటు పనిచేసే ఫిలోమినా, బ్రష్షు పెట్టి వాటిని దులుపుతూ, "సార్, మన సరుకు తీపి అని వీటికి ముందే తెలిసిపోయింది. గవర్నమెంటుకే ఇంకా తెలియలేదు" అనేది.

ఆ సరుకు పేరు కాగితాల మీద ఏదో పొడుగ్గా ఉండేది. ఊళ్ళో మాత్రం ఊసుపెట్టె అన్నారు. టిఫిను డబ్బా అంత ఉంటుంది. తొలి పెట్టె దేముడి జీపుకే బిగించారు. రత్నం పక్క సీట్లో కూర్చుంది. ఎదర మంచు తెల్లటి గోడలా నిలబడి ఉంది. మలుపుకి ఇంకా ఇవతలే ఉండగా పెట్టె కీచుమంది, బ్రేకు తనంతట తనే పడింది.

"ఏటే ఇది, ఎదర ఎవలూ నేరు కదే!" అని దేముడు నోరు మూసేలోపు మంచులోంచి బస్సు మూతి బయటికొచ్చింది. జీపు అద్దాన్ని రాసుకున్నట్టే వెళ్ళిపోయింది. దేముడు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నీ డబ్బాకి కళ్ళున్నాయేటి?"

"కళ్ళు నేవు బావా, నోరుంది. నానొస్తన్నాను అని బస్సు అవతల్నించే సెప్పీసింది. మజ్జిన టవరూ నేదు, ఆఫీసూ నేదు. బండి నోట్లోంచి తిన్నగా బండి సెవిలోకే. అందుకే అంత బేగి."

"అన్ని బళ్ళూ ఒక్కపాలే వాగితేనో?"

"అందుకే వంతులు" అంది రత్నం.

ఆ వంతుల పని రత్నానిదే. గాలి అంటే ఒకే ఒక్క కుళాయి అనుకో. రెప్పపాటు కాలాన్ని సన్నగా ముక్కలు చేస్తే, ఒక్కో ముక్క ఒక్కో బండికి. దాని ముక్కలో అది "ఇక్కడున్నాను, ఇంత జోరు మీదున్నాను, బ్రేకు వేస్తున్నాను" అని చెప్పి తప్పుకోవాలి. ఏ ముక్క ఖాళీగా ఉందో పెట్టెలే చెవి ఒగ్గి విని పట్టుకుంటాయి, పైనుంచి పంచేవాడెవడూ ఉండడు. ముక్క దొరికితే పెట్టె మీద పచ్చ దీపం. దొరక్క కాచుకుంటుంటే పసుపు, ముక్క వెతుక్కునే ఆ కాసేపు ఎదుటి బండి మాట కూడా దాని చెవికెక్కదు. పెట్టె ఆగిపోతే ఎరుపు. పసుపు మాత్రం దారి మీద ఎవరూ ఎన్నడూ చూడలేదు, డ్రైవర్లకి నేర్పేటప్పుడు గిడ్డంగిలో చూపించారు, అంతే.

రత్నానికి ఇదంతా పుస్తకాల్లో కంటే ముందు కాలనీ కుళాయి దగ్గరే తెలుసు. నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పలేరు. వాళ్ళమ్మ నడుము సొట్టపడిన బిందెని వరసలో పెట్టి మిల్లుకి పోయేది. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. దాన్ని కాలితో తోసే ధైర్యం ఎవరికీ లేదు, తోస్తే కాలనీ అంతా మీద పడుతుంది. అంబులెన్సు సంగతి వచ్చినప్పుడు రత్నానికి ఆ సొట్ట బిందే గుర్తొచ్చింది. అంబులెన్సు కాచుకోకూడదు కదా. అందుకని దాని వంతు ఎప్పుడూ పట్టి ఉంచాలని, అది దారిలో ఉన్నా లేకపోయినా ఏ పెట్టె కూడా ఆ చోట కూర్చోకూడదని రాసింది. పైగా దాని మాట పొల్లుపోకూడదని నాలుగేసి సార్లు చెప్పించింది. అంటే అది బిందె కాదు, గంగాళం. నాలుగు బళ్ళ చోటు.

ఆ పరీక్షకి నిజం అంబులెన్సు ఎవరిస్తారు? దేముడి జీపుకే ఆ వేషం కట్టారు. రోగిగా పైడమ్మని వెనక పడుకోబెట్టారు. "ఓలమ్మ, బతికుండగానే మోసుకెల్తన్నారర్రా!" అని ఆవిడ దారి పొడుగునా నవ్విస్తూనే ఉంది. ఎన్ని జీపులు గోల చేసినా దేముడి మాట ముందు వెళ్ళింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఏడాది తిరిగేసరికి ఘాటీ ఎక్కే ప్రతి బండికీ పెట్టె వచ్చేసింది. మంచు కాలం బళ్ళు గుద్దుకోకుండా గడిచింది. పెద్ద మలుపు దగ్గర కొత్త బోర్డు పెట్టారు, ఇక్కడ హారన్ కొట్టరాదని. మొదట్లో డ్రైవర్ల చెయ్యి హారన్ మీదికి పోయి వెనక్కి వచ్చేది. తర్వాత పోవడమే మానేసింది. ఘాటీ నిశ్శబ్దమైపోయింది. పక్షులు కూస్తే వినపడుతున్నాయని పట్నం నుంచి వచ్చినవాళ్ళు మురిసిపోయారు.

ఆ మరుసటి ఏడు మంచులో, సంత రోజున, వరహాలు జీపు దిగుతూ ఎక్కుతున్న కాఫీ లారీని మలుపులో గుద్దింది. వరహాలు కుడికాలు నుజ్జయింది. కాసులమ్మ అని, పై ఊళ్ళోంచి పసుపు అమ్ముకునే మనిషి, ఒళ్ళో కోడిని పెట్టుకుని అంచున కూర్చుంది. ఆవిడ అక్కడికక్కడే పోయింది.

అనుమానం ఆ మర్నాడే మొదలైంది. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు, లారీ పెట్టెని విప్పి చూశాడు. జీపు నుంచి దానికి ఒక్క మాట కూడా చేరలేదు. "జీపువాడు పెట్టె ఆపేశాడు" అని తేల్చేశాడు. ఎందుకు ఆపుతాడు? దానికి ఊళ్ళో అప్పటికే జవాబు తయారుగా ఉంది. జీపులో ఎంతమంది ఎక్కారో పెట్టె రవాణా ఆఫీసుకి చేరవేస్తుందని ఒక పుకారు. అది అబద్ధమని రత్నానికి తెలుసు, పెట్టెకి తలలు లెక్కపెట్టడం రాదు. కానీ పుకారు నమ్మినవాడు తీగ పీకడా? ఆ రోజు వరహాలు జీపులో మామూలు కంటే జనం ఎక్కువున్న మాట నిజమే. దేముడి జీపు ఇంటి ముందు ఇటుకల మీద నిలబడి ఉంది, ముందు చక్రం ఊడదీసి. అతని జనమంతా తమ్ముడి జీపే ఎక్కారు.

ఆసుపత్రిలో వరహాలు మంచం పక్కన కానిస్టేబులు కూర్చున్నాడు. కాలు కాస్త కుదుటపడగానే తీసుకుపోతాడు. మనిషిని చంపిన కేసు. రత్నం వెళ్ళేసరికి వరహాలు గోడవైపు తిరిగి ఉన్నాడు.

"నిజం సెప్పు వరాలూ. తీగ పీకినావా?"

"నువ్వు కూడా అడుగుతన్నావా వొదినా?"

"అడగాలి కదా."

వరహాలు మెల్లగా ఇటు తిరిగాడు. "పసుపు దీపం ఎలిగింది. ఎర్రది కాదు, పసుపు. ఇదేటి కొత్తగా ఉందని సూస్తన్నాను... ఇంతట్లోకే లారీ నా మీదున్నాది. హారన్ మీదకి సెయ్యి పోనేదు వొదినా. ముందైతే పోయేది."

రత్నానికి అర్థమైంది. పసుపు అంటే పెట్టె బతికే ఉంది, మాట్లాడాలని చూసింది, వంతు దొరకలేదు. ఇంటికొచ్చి దేముడికి చెప్పింది. దేముడు జీపు కింద పడుకుని బోల్టు బిగిస్తున్నాడు, బయటికి రాలేదు.

"పసుపంటే ఏటో మీరే నేర్పినారు కదే డ్రైవర్లకి. ఆడికి ఆ మాట అనడం రాదేటి?"

"నీ తమ్ముడు బావా ఆడు!"

"తమ్ముడే. అందుకే సెప్తన్నాను. సిన్నప్పుడు గాజుసీసా పగలగొట్టి ఆ తప్పు పిల్లి మీద పెట్టినోడు ఆడు."

పైడమ్మ అప్పుడే కంచం కడుక్కుని లోపలికి పోతోంది. కోడలు వండిన కూర ఆ పూట ఆవిడ ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. గుమ్మంలో నిలబడి, ఎవరితోనూ కానట్టు, "పెట్టె పెట్టక ముందు నా కొడుకులిద్దరూ బాగానే తిరిగీవోరు" అంది.

అలా ఆ ఇంట్లో దేముడు వరహాలుని నమ్మడు, పైడమ్మ రత్నాన్ని నమ్మదు. రత్నం ఎవరిని నమ్మాలో తెలియక గిడ్డంగికి పోయింది. అక్కడ ఇంకో రకం చలి.

"సార్, సంత రోజు లాంటి రద్దీలో పెట్టెల్ని మళ్ళీ పరీక్షిద్దాం" అంది.

సోమయాజులుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అక్కర్లేదమ్మాయ్. మలుపులో ఎన్ని బళ్ళున్నా వంతులు చాలుతాయని మనం లెక్క కట్టాం కదా. లెక్క తప్పదు. మీ మరిదిని తప్పించాలని నీకు ఉండడం సహజమే. అది వేరే సంగతి."

ఆయన ఎప్పుడూ అలా మాట్లాడే మనిషి కాదు. ఒక చిన్న మాట తేడా వస్తే రాత్రంతా కూర్చుని సరిచూసే మనిషి. పరీక్ష వద్దంటున్నాడేం? రత్నం ఫిలోమినా వైపు చూసింది. ఎప్పుడూ ఒకే క్యారేజీలోంచి తినేవాళ్ళు. ఆ రోజు ఫిలోమినా తన డబ్బా తీసుకుని యంత్రం వెనక్కి వెళ్ళి ఒక్కతే తింది. రత్నం అటు వెళ్తే కంప్యూటరు తెర మార్చేసింది.

అప్పుడు రత్నానికి కాఫీ షావుకారు గుర్తొచ్చాడు. గిడ్డంగికి పైకప్పు రేకులు వేయించింది ఆయనే. ఘాటీలో తిరిగే లారీల్లో సగం ఆయనవే. వంతులు పట్టి ఉంచే విద్య ఈ గదిలో ఉన్న ముగ్గురికి తప్ప ఇంకెవరికీ రాదు. ఎవరో ఒకరు షావుకారు లారీల కోసం వంతులు పట్టి ఉంచారు! అనుమానం ఎలా ఉంటుందో తెలుసా? చీమ లాంటిది. ఒకటి కనపడిందంటే వరస మొత్తం కనపడుతుంది. రేకులు, పరీక్ష వద్దనడం, తెర మార్చడం, అన్నీ ఒకే దారిన నడుస్తున్నట్టు కనపడ్డాయి ఆమెకి. సోమయాజులుగారి చెప్పుల్ని చూసినా కొత్తవేమో అనిపించింది.

ఆయన వద్దన్న పరీక్ష రత్నమే పెట్టింది. దేముడి దగ్గరికెళ్ళి, "నీ తమ్ముడు అబద్ధమాడినాడో నేదో అందరి ఎదరా తేల్చీద్దాం. జీపులోళ్ళని పోగెయ్యి" అంది. దేముడు ఒప్పుకున్నాడు. తమ్ముడు దొంగ అని తేలితే తన అనుమానమైనా తీరుతుందని అనుకున్నాడేమో, ఎవరికి తెలుసు.

సంత లేని రోజు, పట్టపగలు, గుమ్మడిపాలెం మైదానంలో బళ్ళు బారు తీరాయి. జీపులు, వేన్లు, షావుకారు లారీలు. బ్రేకు ఇన్‌స్పెక్టరు గొడుగు కింద కుర్చీ వేసుకున్నాడు. వరహాలుని ఆటోలో కాలు చాపి కూర్చోబెట్టి తెచ్చారు, పక్కన కానిస్టేబులు. సోమయాజులుగారు రాడనుకున్నారు కానీ వచ్చాడు, ఫిలోమినా కూడా. వాళ్ళకి కాస్త ఎడంగా, కాసులమ్మ కూతురు చెల్లాయమ్మ నిలబడి ఉంది. ఆమెని ఎవరూ పిలవలేదు, తనే కొండ దిగి నడిచి వచ్చింది.

"ఏటి రత్నమ్మా, పెళ్ళిసూపులకి నిలబెట్టినట్టు నిలబెట్టీసినావు" అన్నాడో జీపు డ్రైవరు.

"నీ జీపుని ఎవలు సేసుకుంటార్రా, దానికి తలుపే నేదు" అన్నాడు ఇంకొకడు.

"నవ్వులాపండి. ఒకల తర్వాత ఒకలు పెట్టెలు ఎయ్యండి. దీపం రంగు గట్టిగా సెప్పండి" అంది రత్నం.

"పచ్చ!" "పచ్చ!" "పచ్చా!" వరస సాగుతోంది. సోమయాజులుగారి లెక్క ప్రకారం మైదానంలో బళ్ళన్నిటికీ వంతు దొరకాలి, ఇంకా మిగలాలి కూడా. వరస చివరికి వచ్చేసరికి తలుపులేని జీపువాడు నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు.

"సెప్పవేరా!"

"పసుపు" అన్నాడు వాడు, చిన్నగా.

వాడి తర్వాతివాడిదీ పసుపే. ఆ తర్వాతదీ. ఆటోలోంచి వరహాలు అరిచాడు: "అదే! అదే రంగు! సూడు అన్నా, సూడు!" దేముడు చూశాడు. చూసి, తల దించుకుని, తమ్ముడి ఆటో దగ్గరికి వెళ్ళి దాని రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు.

రత్నం మొహం ఎర్రబడింది. "లారీలు ఆపండి! అన్నీ!" షావుకారు మేనేజరు పళ్ళు బయటపెట్టి, "ఆపుకోండమ్మా, మాకేటి" అన్నాడు. లారీ పెట్టెలు ఆగాయి. పసుపు దీపాలు పచ్చవయ్యాయి. జనం గుసగుసలు పెద్దవయ్యాయి. "ఇప్పుడు ఎన్ని లారీలు ఆగినాయో అన్ని జీపులు బయట్నించి తెచ్చి ఎనక సేర్చండి" అంది రత్నం. చేర్చారు. మళ్ళీ అదే చోట పసుపు.

అంటే లారీలు ఎవరి వంతూ తినలేదు. ఒక్కో లారీ ఒక్క చోటే తీసుకుంది, జీపు లాగే. లోటు లారీల్లో లేదు. వరసలో ఎక్కడో చోటు ఉంది, అక్కడ బండి లేదు.

"ఎవరో వంతులు పట్టి ఉంచారు" అంది రత్నం, సోమయాజులుగారి మొహంలోకి చూస్తూ. "రాని బండి కోసం, ఖాళీగా..."

ఆ మాట సగంలోనే ఆగిపోయింది. ఆమె కళ్ళ ముందు సొట్ట బిందె కనపడింది. వరసలో కూర్చున్న బిందె, చుట్టూ దప్పికతో నిలబడ్డ జనం, ముట్టుకునే ధైర్యం లేక. తర్వాత తన ఇంటి ముందు ఇటుకల మీద జీపు కనపడింది.

రెండేళ్ళ కిందటి ఆ పరీక్ష అయ్యాక దేముడి జీపుకి అంబులెన్సు వేషం తీసేయాలి. తీసేద్దామనే కూర్చుంది ఒకసారి. ఆ వారమే మంచు దిగింది. ఘాటీ వైపు చూసి, ఈ మంచు కాలం ఒక్కటీ ఉంచుదాం, ఒక్క బండేగా, ఎవరికి నష్టం అనుకుంది. మరుసటి ఏడు మంచు దిగినప్పుడు మర్చిపోయానని తనకి తాను చెప్పుకుంది. మర్చిపోలేదు. ఆ జీపు చక్రం ఊడి ఇంటి దగ్గర పడి ఉన్నా, దాని గంగాళం మాత్రం ప్రతి పెట్టెలోనూ వరసలో కూర్చునే ఉంది. అన్న కోసం పట్టి ఉంచిన చోటు ఖాళీగా ఉండగా, దాని పక్కనే తమ్ముడు వంతు దొరక్క, నోరు పెగలక, లారీ కిందికి పోయాడు.

మైదానం అంతా ఆమెనే చూస్తోంది. ఇక్కడ ఆపేసి ఉండొచ్చు. వరహాలు మాట నిజమని తేలింది, ఎవరో పెద్దవాళ్ళ మీదికి నెట్టేయొచ్చు. రత్నం చేతిలో ఉన్న కంప్యూటరు తెరిచింది. దేముడి జీపు పేరు చెరిపేసి అన్ని పెట్టెలకీ ఆ సంగతి పంపింది. వెనకున్న నాలుగు జీపుల దీపాలు ఒక్కసారి పచ్చగా మారాయి.

"ఏటి సేసినావే?" అన్నాడు దేముడు.

"నీ వంతు తీసీసినాను బావా" అంది రత్నం. "రెండేళ్ళ బట్టి నీకు దొంగవంతు పెట్టినాను. నీకు కూడా సెప్పనేదు."

వరస చివర్న ఇంకా పసుపు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. రత్నం తలెత్తి చూసింది. "ఇంకా చోటు తక్కువే ఉంది" అంది, ఈసారి ఎవరి వైపూ చూడకుండా.

ఫిలోమినా ముందుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. "అక్కా... మా నాన్న పాలవేను. ఆయనకి ఒక కన్ను సరిగ్గా కనపడదు. ఒక్కటే కదా అనుకున్నాను."

తెర మార్చడం అందుకా! రత్నం ఇంకా ఆ మాట మింగనేలేదు, సోమయాజులుగారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. జోడు లేని ఆయన మొహం ఎవరిదోలా ఉంది. ఆయన కూతురు పై ఆసుపత్రిలో డాక్టరు, రోజూ ఘాటీ ఎక్కి దిగుతుంది.

"అమ్మాయి కారు" అన్నాడు. "ఒక్కటే కదా అనుకున్నాను."

ముగ్గురూ ఒకే మాట అనుకున్నారు, ఒకే గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు. షావుకారు దగ్గర డబ్బు తిన్నవాడెవడూ లేడు. దొంగ కోసం వెతికిన రత్నానికి ముగ్గురు భయస్తులు దొరికారు, అందులో తను మొదటిది. ఫిలోమినా వంతు తీసింది, సోమయాజులుగారిదీ తీశారు. మైదానం చివరి దాకా పచ్చ దీపాలు వెలిగాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బ్రేకు ఇన్‌స్పెక్టరు లేచి కానిస్టేబులుకి ఏదో చెప్పాడు. కానిస్టేబులు ఆటో దగ్గర్నుంచి కదిలి, ఈ ముగ్గురి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వరహాలు గెలిచాడు. కానీ అతని మొహంలో గెలుపు లేదు.

"వొదినా" అన్నాడు. "అన్న కోసం పెట్టినావు. బాగానే ఉంది. నాకెందుకు పెట్టనేదు?"

రత్నం ఏం చెబుతుంది? నీకూ పెట్టి ఉంటే ఇంకొకడు పోయేవాడు అనా? అది నిజమే, కానీ ఆ నిజం ఆ పూట ఆ కాలు ఎదుట పలికే మాట కాదు.

అప్పుడు చెల్లాయమ్మ అంది: "మా అమ్మకి బండే నేదు. ఏ పెట్టెలో పెట్టీవోరు?"

ఆ తర్వాత గిడ్డంగికి తాళం పడింది. ముగ్గురి మీదా కేసు నడిచింది, శిక్షా పడింది, తక్కువే అన్నవాళ్ళూ ఉన్నారు, ఎక్కువే అన్నవాళ్ళూ ఉన్నారు. అది కోర్టు గొడవ, నేను చెప్పబోయేది ఇంటి సంగతి. మైదానం నుంచి ఇంటికొచ్చాక పైడమ్మ గడప మీద కూర్చుంది. రత్నం ఎదుట నిలబడింది, తిడుతుందని, తిట్టాలని.

"నానైనా అదే సేద్దును" అంది పైడమ్మ. "నా మొగుడికోసం, కొడుకులకోసం, అదే సేద్దును. అందుకే నిన్ను సూడనేకపోతన్నాను." అని గడప మీంచి లేచి, "కూరేటి వండినావు?" అంది.

రత్నం శిక్ష ముగించుకుని వచ్చాక పెట్టెలు మళ్ళీ పెట్టారు, వేరేవాళ్ళు, వేరే చోటి నుంచి. ఇప్పుడు అంబులెన్సు కోసం కూడా ఖాళీ చోటు ఉంచరు. అది వచ్చిన క్షణాన పిలుస్తుంది, మిగతావి జరుగుతాయి. ఆ మార్పు కాగితం మీద రాసిచ్చింది రత్నమే, పేరు మాత్రం వద్దంది. ఇంకో పని తన చేత్తో తనే చేసింది. పసుపు దీపం నుంచి ఒక తీగ లాగి హారన్‌కి కలిపింది. పెట్టెకి వంతు దొరకలేదా, జీపు తనంతట తనే పొడుగ్గా అరుస్తుంది. హారన్‌కి వంతులు లేవు కదా, ఎవరైనా ఎప్పుడైనా కొట్టొచ్చు. మొదటి తీగ వరహాలు జీపుకి కట్టింది. వరహాలు దాన్ని ఇంక నడపలేడు, అమ్మేస్తాడు. అయినా కట్టింది. రెండోది దేముడి జీపుకి.

ఆ ఏడు తొలి మంచు దిగిన పొద్దున దేముడు జనాన్ని ఎక్కించుకున్నాడు. రత్నం తలుపు పట్టుకుని నిలబడింది. అతనికి ఇప్పుడు ఏ దొంగవంతూ లేదు, అందరితో పాటే. ఆగమని అనాలని ఉంది ఆమెకి. అనలేదు.

"ఎల్తన్నానే" అన్నాడు దేముడు.

"మలుపు కాడ సెయ్యి హారన్ మీద ఉంచు బావా."

జీపు మంచులో కలిసిపోయింది. రత్నం గుమ్మంలోనే ఉంది. పక్కన పీట మీద వరహాలు కర్ర ఆనించి కూర్చున్నాడు. ఇద్దరూ చెవులు అటే పెట్టారు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పై నుంచి, పెద్ద మలుపు వైపు నుంచి, పొడుగ్గా ఎవరిదో హారన్ వినపడింది.

రెండు పొట్టి హారన్లు బదులు వచ్చాయి.

"అన్నదే" అన్నాడు వరహాలు.

ఇంతే కథ. ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. దీన్ని ఎవరికైనా చెప్పు, మీ ఇంట్లో చెప్పు, జీపెక్కినప్పుడు పక్కవాళ్ళకి చెప్పు. చెప్పేటప్పుడు రత్నం పేరు మర్చిపోయినా ఫరవాలేదు, సోమయాజులుగారి పేరు అసలు అక్కర్లేదు. కాసులమ్మ పేరు మాత్రం వదిలిపెట్టకు. పసుపు అమ్ముకునే కాసులమ్మ, ఒళ్ళో కోడితో అంచున కూర్చున్న కాసులమ్మ. ఆవిడ కోసం ఎవరూ చోటు పట్టి ఉంచలేదు. నీ నోట్లోనైనా కాస్త ఉంచు.